మగ్గము దిగుట వేరు, బట్ట కోయుట వేరు
(సర్వరుపై లెక్కలు వ్రాయువారికి కొన్ని మాటలు)

మన సంఘపు శాఖలు కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రలలోను, యానాంలోను గలవు. ఇదివరలో ప్రతి శాఖయు తన చిట్టా, నూలు ఖాతా, మజూరీ పట్టీ తనవద్దనే వ్రాసికొని నెలకొకసారి కేంద్ర కార్యాలయమునకు నకలు పంపుచుండెడిది. ఇప్పుడు ఆ పద్ధతి పోయినది. లెక్కలన్నియు కేంద్ర కార్యాలయములోని ఒకే సర్వరుపై నున్నవి. శాఖలలోని గుమాస్తాలు తమ ఊళ్ల నుండియే రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా ఆ సర్వరులోనికి వచ్చి వ్రాయుచున్నారు. వీరిలో పెక్కుమంది మన నేత కుటుంబముల బిడ్డలే. అందుచేత ఈ వ్యాసమును పెద్దలు చదివి, ఇంటిలో లెక్కలు వ్రాయు పిల్లల చేత కూడ చదివించవలెనని మా మనవి.

ఈ వ్యాసము వ్రాయుటకు కారణమైన సంగతిని ముందుగా చెప్పెదము. అందు తప్పు మాది గనుక దాచవలసిన పని లేదు.

దీపావళికి ముందరి శుక్రవారము సాయంకాలము సర్వరు మిక్కిలి మందగించినది. ఒక పద్దు వ్రాసి మీట నొక్కిన తరువాత తెరపై మార్పు కనుపించుటకు నిముషము పట్టుచుండెను. మేము సర్వరులోని పేర్ల పట్టిక చూడగా, పని చేయుచున్నవారు ఎనిమిదిమంది గాక, మరి ఆరు పేర్ల ప్రక్కన 'డిస్కనెక్టెడ్' అని యుండెను. వీరందరు ఇండ్లకు పోయినారు గదా, ఈ పేర్లు ఊరక నిలిచియున్నవని తలచి, ఆ ఆరింటిని ఒక్కొక్కటిగా తొలగించితిమి. సర్వరు తేరుకొన్నది. మేమును సంతోషించితిమి.

మరునాడు ప్రొద్దుననే ఒక శాఖ నుండి అమ్మాయి ఫోను చేసినది. ముప్పది ఎనిమిదిమంది నేతగాండ్ర మజూరీ పట్టీ కనుపించుట లేదని చెప్పి ఏడ్చినది. "బిడ్డా, నిన్న పని బందు చేసినవా?" అని అడిగితిమి. "బందు చేసే పోయిన కాకా" అన్నది. "ఏం బందు చేసినవు? డబ్బానా, పనినా?" అని మరల అడుగగా, కొంతసేపు మాటలాడలేదు. మూలనున్న ఇంటూ గుర్తు నొక్కి, తన కంప్యూటరు ఆపి, దీపముల సామానులు కొనుటకు పోయితినని చివరకు చెప్పినది. పట్టీ సేవ్ చేయలేదు. మరునాడు సరి చూచి ముగింపవచ్చుననుకొన్నది. ప్రోగ్రాము తనంతట తాను దాచిన ప్రతి యొకటి దొరికినది గాని, అందు మొదటి పదునాలుగు పేర్లు మాత్రమే గలవు.

శనివారము చేతికి రావలసిన మజూరీ మంగళవారము వచ్చినది. పండుగ మధ్యలో గడచిపోయినది. కొన్ని ఇండ్లవారు అప్పు తెచ్చి పిల్లలకు బట్టలు కొన్నారు. బట్ట నేయువాని ఇంట బట్టకు అప్పు! శాఖలో కొందరు ఆ అమ్మాయిని నిందించిరి. మానిపించవలెనని కూడ అనిరి. ఆమె చేసినది ఆమెకు ఎవ్వరును నేర్పని పని. తెలియక ఆమె చేసిన పొరపాటు ఒకటి. చూడక మేము చేసిన పొరపాటు రెండవది. రెండింటిలో రెండవదే పెద్దది. కావుననే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

సెషను అనగా నేమి?

రిమోట్ డెస్క్‌టాప్ తెరచినపుడు మీ యెదుటి కంప్యూటరు లెక్కలు చేయదు. మీరు నొక్కిన మీటల సమాచారము తీగ వెంట సర్వరునకు పోవును. పని అక్కడ జరుగును. అక్కడి తెర బొమ్మ మాత్రము మీ తెరపైకి వచ్చును. మీ పేరుతో, మీ సంకేతపదముతో ప్రవేశించినపుడు సర్వరు తన జ్ఞాపకశక్తిలో మీకై కొంత చోటు కేటాయించి, మీరు తెరచిన ప్రోగ్రాములను అందు ఉంచును. మీకై ఏర్పడిన ఆ పని స్థలమునే సెషను అందురు.

మన పరిభాషలో చెప్పవలెనన్న, సర్వరు పెద్ద నేత షెడ్డు వంటిది. సెషను అందు మీకు ఇచ్చిన మగ్గము. మీ యెదుటి కంప్యూటరు ఆ షెడ్డుకు గల కిటికీ మాత్రమే. కిటికీ మూసినంత మాత్రమున మగ్గముపై పడుగు మాయము కాదు గదా!

ఒక యంత్రముపై పలువురు వేరువేరుగా పని చేయుట నిన్న మొన్న పుట్టిన ఊహ కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమునందు 1961 నవంబరులోనే కోర్బటో అను శాస్త్రజ్ఞుడు అట్టి ఏర్పాటును చేసి చూపెను. మనము వాడు విండోస్ కుటుంబములో ఇది 1998లో ఎన్‌టీ 4.0 యొక్క టెర్మినల్ సర్వర్ ప్రతితో వచ్చినది. 2009లో విడుదలైన సర్వర్ 2008 ఆర్2 నుండి దీనికి రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్ అను పేరు ఏర్పడినది.

నాలుగు విధములు

పని వద్దనుండి లేచిపోవుటలో నాలుగు విధములు గలవు. వీనిని కలగాపులగము చేయుటయే చిక్కులన్నింటికిని మూలము.

మొదటిది, తాళము వేయుట. నీళ్లు త్రాగుటకు లేచినపుడు మీ యెదుటి కంప్యూటరుకు తాళము వేయుదురు. సర్వరుతో సంబంధము తెగదు. పని యథాతథముగా నుండును. ఇతరులు చూడలేరు, అంతే.

రెండవది, డిస్కనెక్టు అగుట. పైన పట్టీలోని ఇంటూ గుర్తు నొక్కినను, మీ ఊరిలో కరెంటు పోయినను, నెట్టు తెగినను ఇదియే జరుగును. కిటికీ మూతపడును, సెషను మాత్రము సర్వరులో నిలిచియే యుండును. తెరచిన ప్రోగ్రాములు తెరచినట్లే యుండును. మరల అదే పేరుతో వచ్చినచో విడిచిన చోటనే పని కనుపించును. ఇది పడుగు మగ్గముపై నుండగా నేతగాడు భోజనమునకు లేచిపోవుట వంటిది. నాడె ఎక్కడ విడిచెనో అక్కడనే యుండును. కాని ఆ మగ్గముపై మరియొకరు కూర్చొనుటకు వీలు లేదు.

మూడవది, సైన్ అవుట్ చేయుట. దీనినే పూర్వము లాగాఫ్ అనెడివారు. ఇందు ప్రోగ్రాములు ఒక్కొక్కటిగా మూతపడును. సేవ్ చేయని పని యున్నచో సాధారణముగా ప్రోగ్రాము మిమ్ములను అడుగును. అన్నియు మూసిన పిదప సెషను ముగియును. చోటు ఖాళీ యగును. ఇది నేసిన బట్టను కోసి, మడత పెట్టి, సంఘమునకు అప్పగించి, మగ్గమును ఖాళీ చేయుట.

నాల్గవది, పై అధికారి బలవంతముగా సెషను తొలగించుట. అప్పుడు గుమాస్తా తెర ముందు లేడు గనుక, సేవ్ చేయుదునా యని ప్రోగ్రాము అడిగినను బదులు చెప్పువారుండరు. సేవ్ చేయని పని పోవచ్చును. రీసెట్ అను ఆజ్ఞ ఇంకను కఠినము. అది ఏమియు అడుగక తక్షణమే తెంచివేయును. నేయుచున్న పడుగును మధ్యలో కత్తితో కోయుట యనిన మనవారికి వేరుగా చెప్పనక్కరలేదు. దీపావళి ముందు మేము చేసినది ఈ నాల్గవ విధమే.

డిస్కనెక్టు వలన మేలు

ఇంత చెప్పినందున డిస్కనెక్టు అగుట చెడ్డదని యెవ్వరును తలపరాదు. మన ఊళ్లలో కరెంటు ఎప్పుడు పోవునో చెప్పలేము. నూలు ఖాతాలో డెబ్బది పద్దులు వ్రాసిన తరువాత దీపము ఆరినచో, పాత పద్ధతిలో మీ కంప్యూటరుపై వ్రాసినదంతయు పోయెడిది. ఇప్పుడు పని సర్వరులో నున్నది గనుక, కరెంటు వచ్చిన పిదప మరల ప్రవేశించినచో డెబ్బది పద్దులును అట్లే యుండును. కరెంటు పోయినపుడు సెషను నిలిచియుండుట రక్షణ. అట్టి సమయమున కంగారుపడి మరియొకరి పేరుతో ప్రవేశించి తిరిగి మొదటినుండి వ్రాయకుడు. ఒకే పద్దు రెండు సారులు పడును.

నిలిచిపోయిన సెషను వలన కీడు

అయితే పని పూర్తియైన తరువాత కూడ సెషను విడిచిపోవుట వలన నాలుగు నష్టములు గలవు.

ఒకటి, చోటు. ఒక లెక్క చూడుడు. సర్వరు జ్ఞాపకశక్తి 16 జీబీ అనుకొందము. సర్వరు సొంత పనులకు 4 జీబీ పోగా 12 మిగులును. ఒక్కొక్క సెషనుకు 1 జీబీ చొప్పున పండ్రెండుగురు సుఖముగా పని చేయవచ్చును. ఎనిమిదిమంది పని చేయుచుండగా ఆరుగురి సెషనులు ఊరక నిలిచినచో మొత్తము పదునాలుగు. అప్పుడు సర్వరు కొంత భాగమును డిస్కుపైకి నెట్టి, కావలసినపుడు మరల తెచ్చుకొనవలసి వచ్చును. డిస్కు వేగము జ్ఞాపకశక్తి వేగముతో సరితూగదు. అందువలన పని చేయు ఎనిమిదిమందికిని ఆలస్యము కలుగును. పోయినవారి బరువును ఉన్నవారు మోయుదురు.

రెండు, పుస్తకము చిక్కుకొనుట. మీరు పట్టీని తెరచి యుంచి పోయినచో సర్వరు దృష్టిలో మీరింకను దానిని పట్టుకొనియే యున్నారు. మరియొక గుమాస్తా అదే పట్టీని తెరచినచో చదువవచ్చునే గాని అందు వ్రాయుటకు వీలుండదు. అతడు విసిగి వేరొక నకలు చేసికొని అందు వ్రాయును. ఒకే నెలకు రెండు పట్టీలు ఏర్పడును. ఏది అసలు, ఏది నకలు అను వివాదము తనిఖీనాడు బయటపడును.

మూడు, భద్రత. నిలిచియున్న సెషనులో ఖాతాలు తెరచియే యున్నవి. సంకేతపదము తెలిసినవారు లోనికి వచ్చినచో నేరుగా వాని ముందే కూర్చుందురు. బయటి సెంటరు కంప్యూటరులో గాని, స్నేహితుల కంప్యూటరులో గాని సంకేతపదమును దాచియుంచినచో తాళపు చెవిని తలుపుకే వ్రేలాడదీసినట్లు.

నాలుగు, అందరికంటె మోసగించునది: భద్రమన్న భ్రమ. సేవ్ చేయని పని నిలిచియున్న సెషనులో క్షేమముగా నుండునని పలువురి నమ్మకము. సర్వరును మరల ప్రారంభించినచో నిలిచియున్న సెషనులన్నియు పోవును. సర్వరు గదిలో కరెంటు పోయి బ్యాటరీ అయిపోయినను అంతే. కొత్త సవరణలు వేసినపుడు సర్వరును తిరిగి ప్రారంభింపవలసి వచ్చుట మామూలే. సెషను నిలిచియుండుట వేరు, పని సేవ్ అగుట వేరు.

ఎంత సేపు నిలుపవలెను?

సర్వరులో దీనికి గడువులు పెట్టు వీలు గలదు. ఆ సంగతి తెలిసియు మేము చాలకాలము పట్టించుకొనలేదు. ఏ గడువును పెట్టనిచో డిస్కనెక్టు అయిన సెషను సర్వరు నడచినంత కాలము నిలిచియే యుండును. ఆ శుక్రవారము కనుపించిన ఆరు పేర్లలో రెండు అంతకు ముందరి వారమునాటివి.

గడువులలో రెండు ముఖ్యమైనవి. మొదటిది, మీట నొక్కక, మౌసు కదపక ఊరకున్న సెషనుకు పెట్టు గడువు. ఇది తీరుటకు రెండు నిముషములు ముందు తెరపై హెచ్చరిక వచ్చును. ఏదేని మీట నొక్కినచో గడువు మరల మొదలగును. నొక్కనిచో సెషను డిస్కనెక్టు అగును గాని ముగియదు. రెండవది, డిస్కనెక్టు అయిన సెషనుకు పెట్టు గడువు. ఇది తీరినచో సెషను పూర్తిగా ముగియును. సేవ్ చేయని పని పోవును. 'గడువు తీరగానే సెషనును ముగించుము' అను అర్థము గల మరియొక నియమము గలదు. దానిని అమలు చేసినచో ఊరకున్న సెషను కూడ డిస్కనెక్టు కాక నేరుగా ముగిసిపోవును. మనకు అది తగదు.

రెండవ గడువు ఎంత యుండవలెనని మేము ఆలోచించితిమి. పదిహేను నిముషములు పెట్టినచో చోటు త్వరగా ఖాళీయగును గాని, మధ్యాహ్నము కరెంటు పోయిన శాఖవారి పని పోవును. రోజులకొలది పెట్టినచో మరల పాత కథయే. కావున ఊరకున్న సెషనుకు ఒక గంట, డిస్కనెక్టు అయిన సెషనుకు మూడు గంటలు అని నిర్ణయించితిమి. భోజనము, కరెంటు కోత రెండును ఈ మూడు గంటలలో ఇముడును. రాత్రికి మాత్రము ఏ సెషనును మిగులదు.

తమ సొంత సర్వరు గల సంఘముల కార్యదర్శులకు ఉపయోగించునని దారి కూడ చెప్పుచున్నాము. గ్రూప్ పాలసీలో కంప్యూటర్ కాన్ఫిగరేషన్, అందు అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, అందు విండోస్ కాంపొనెంట్స్, అందు రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్, అందు రిమోట్ డెస్క్‌టాప్ సెషన్ హోస్ట్, చివరకు సెషన్ టైమ్ లిమిట్స్. పై గడువులన్నియు అక్కడ దొరకును. ఎవరి సెషనులు నిలిచియున్నవో చూచుటకు టాస్క్ మేనేజరులో యూజర్స్ అను పుట చూడవలెను. ప్రత్యేకపు ఏర్పాటును, అనుమతులను కొనక కేవలము నిర్వహణ కొరకే రిమోట్ డెస్క్‌టాప్ వాడు సర్వరులో ఒకేసారి ఇద్దరికే చోటు గలదని మరువరాదు.  సర్వరును ఇంటర్నెట్టుకు బాహాటముగా తెరచియుంచక, వీపీఎన్ వంటి రక్షిత మార్గము ద్వారానే శాఖలను రానీయవలెను.

గుమాస్తాలు పాటింపవలసిన పద్ధతి

ప్రతి పది పద్దులకు ఒకసారి సేవ్ చేయవలెను. లేచునపుడెల్ల, ఎంత చిన్న పనికైనను, ముందు సేవ్ చేసి తరువాత లేవవలెను. ఈ ఒక్క అలవాటున్నచో తక్కిన పొరపాటులు చాలవరకు హాని చేయవు.

భోజనమునకు పోవునపుడు సేవ్ చేసి మీ కంప్యూటరుకు తాళము వేసిన చాలును.

సాయంకాలము పని ముగించునపుడు ఇంటూ గుర్తు నొక్కరాదు. సర్వరు తెరలోని స్టార్ట్ గుర్తు నొక్కి, మీ పేరుపై నొక్కి, సైన్ అవుట్ ఎన్నుకొనవలెను. అది కనుపించనిచో కంట్రోల్, ఆల్ట్, ఎండ్ అను మూడు మీటలు కలిపి నొక్కినచో వచ్చు పట్టికలో సైన్ అవుట్ ఉండును. సేవ్ చేయుదునా యని ప్రోగ్రాము అడిగినచో చదివి బదులు చెప్పవలెను. మీ కంప్యూటరును ఆపుట ఆ తరువాతి పని.

కరెంటు పోయినచో మూడు గంటల లోపల అదే పేరుతో మరల రావలెను. అంతలో రాదని తోచినచో కార్యాలయమునకు ఫోను చేయుడు. ఆ సెషను విషయమున ఏమి చేయవలెనో మీతో మాటలాడియే నిర్ణయింతుము.

ఒకరి పేరుతో మరియొకరు ప్రవేశించరాదు. ఒక్కొక్క పేరుకు ఒకే సెషను అని మన సర్వరులో నియమము గలదు. అదే పేరుతో రెండవవారు ప్రవేశించినచో మొదటివారు పని మధ్యలో బయటపడుదురు; వారి తెరపై నున్నదంతయు రెండవవారి చేతికి పోవును. క్రొత్తగా చేరినవారికి క్రొత్త పేరు ఒక్క ఫోనుతో ఇత్తుము.

సర్వరు మందగించినచో మాకు చెప్పుడు. ఇక మీదట కేంద్ర కార్యాలయములో ఎవరి సెషనునైనను తొలగింపవలసి వచ్చినచో, ఆ మనిషికి ముందుగా ఫోను చేసి, సేవ్ అయినదని విన్న తరువాతనే తొలగింతుము. ఈ నియమమును గోడపై వ్రాసి అంటించితిమి. దాని క్రింద మొదటి సంతకము మాదే.

ఆ అమ్మాయి నేడును అదే శాఖలో పని చేయుచున్నది. పోయిన నెలలో ఆమె మరి ఇద్దరికి సైన్ అవుట్ చేయుట నేర్పి, వారి పేర్లు మాకు తెలియజేసినది. మగ్గముపై కూర్చొన్న నాడే ఎవ్వరును నేతగాండ్రు కారు. పోగు తెగినపుడు అతుకుట నేర్చిన నాడు అగుదురు. లెక్కల పనియు అంతే. ఈ విషయమున సందేహములున్నవారు తమ శాఖ ద్వారా వ్రాసినచో రాబోవు సంచికలో సమాధానము చెప్పగలము.